చచ్చిన పామును కట్టెతోనే ఎత్తాలి

మా జనగామ పల్లెల్లో ఒకప్పుడు పామును చంపడంతో పని తీరేది కాదు. నాగుపాము అయితే దహనం చేసి తీరాల్సిందే. తల నుజ్జయ్యేదాకా కొట్టి, రెండు కట్టెల నడుమ ఇరికించి ఎత్తి, చెరువు కట్ట అవతలికి తీసుకుపోయేవాళ్లు. పిడకలు, ఎండు తుమ్మకంప పేర్చి, పైన ఒక రాగి పైస వేసి, కాసిన్ని పాలు చిలకరించి నిప్పు పెట్టేవాళ్లు. సెగ తగలగానే పాము మెలి తిరిగేది. "ఇంకా పాణం పోలేదమ్మా" అని ఆడవాళ్లు దండం పెట్టుకునేవాళ్లు. కాల్చినవాళ్లు స్నానం చేశాకే గడప తొక్కేవాళ్లు. నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే చేతులవి. పగబడుతుందన్న భయం, దైవమన్న భక్తి రెండూ ఆ మంట దగ్గర ఉండేవి.

ఈ ప్రాంతంలోనే జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను. "తల తెగినా పాము ఎట్ల కదులుతది సార్?" అని ప్రతి తరగతిలో ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

జవాబు పాము నడకలోనే ఉంది. పాముకు రెండు వందల నుంచి నాలుగు వందల దాకా వెన్నుపూసలుంటాయి. ఒంట్లో పుట్టిన వంపు తల వైపు నుంచి తోక దాకా పాకుతుంది. ఆ వంపులతో గడ్డిదుబ్బును, రాయిని, మట్టిపెళ్లను వెనక్కి నెట్టి ముందుకు సాగుతుంది. అందుకే పొలం గట్టున రివ్వున పోయే జెర్రిపోతు నున్నటి గచ్చు మీద పట్టు దొరక్క కొట్టుకుంటుంది. కొండచిలువ లాంటి బరువైన పాము ఒళ్లు వంచకుండానే, పొట్ట కింది వెడల్పాటి పొలుసులతో నేలను పట్టుకుని తిన్నగా జరగగలదు. కేంబ్రిడ్జిలో జేమ్స్ గ్రే 1946లో ఈ నడకలను విడమరచి రాశాడు.

ఆ వంపుల లయ వెన్నుపాములోనే పుడుతుంది, ప్రతిసారీ మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. పైగా పాము చల్లనెత్తురు జీవి, ప్రాణవాయువు ఖర్చు తక్కువ. అందుకే తల తెగాక కూడా నరాలు, కండరాలు చాలాసేపు పనిచేస్తాయి. పాలకుర్తి దగ్గర వరికోత మిషన్ కింద రెండు ముక్కలైన జెర్రిపోతును చూశాను. తోక ముక్కను కట్టెతో తాకితే ఆ కట్టెకే చుట్టుకుంది. తల ముక్క నోరు తెరిచి, కట్టె కొనను పట్టి, వదిలింది. జెర్రిపోతుకు విషం లేదు. అదే కట్లపాము అయితే?

ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి 1664లోనే తేల్చాడు: కోరల దగ్గరి పసుపుపచ్చ ద్రవమే విషం, అది గాయంలోకి పోతేనే చంపుతుంది. పాము చచ్చినంత మాత్రాన ఆ ద్రవం ఎక్కడికీ పోదు. అమెరికాలోని ఫీనిక్స్‌లో 11 నెలల్లో గిలక పాము కాటుతో ఒక ఆసుపత్రికి వచ్చిన 34 మందిలో అయిదుగురిని కరిచినవి చచ్చాయనుకున్న పాములేనని 1999లో డాక్టర్లు రాశారు. మన దేశంలో అస్సాం నుంచి 2025లో మూడు కేసులు అచ్చయ్యాయి. కోళ్ల మీదికి వచ్చిన నాగుపాము తల నరికి, దాన్ని పారేయబోతే ఒకరి బొటనవేలిని కరిచింది. ట్రాక్టర్ కింద నలిగిన పాము, రైతు దిగుతుంటే కాలిని కాటేసింది. పెరట్లో పారేసిన నల్ల కట్లపామును చేత్తో పట్టుకున్నవాడికి, అది చచ్చిన మూడు గంటల తర్వాత విషమెక్కింది. ముగ్గురూ వైద్యంతో బతికారు.

ఇదంతా చదివాక మా ఊరి పెద్దల మీద నాకు గౌరవం పెరిగింది. వాళ్ల లెక్కలో అది పగ కావచ్చు, దైవం కావచ్చు. చేత్తో ముట్టకపోవడం, తల నలగ్గొట్టడం, బూడిద చేయడం మాత్రం మనిషి ప్రాణాన్ని కాపాడిన పనులు. ఈ రోజుల్లో కొట్టిన పామును తోక పట్టి ఎత్తి ఫోన్లో ఫొటో దిగే కుర్రవాళ్లను చూస్తే గుండె ఝల్లుమంటుంది.

పామును చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. 2022 సవరణతో నాగుపాము, రక్తపింజర మొదటి షెడ్యూల్లోకి చేరాయి. కనబడితే దూరం జరగండి, అటవీ శాఖకు కబురు పెట్టండి. యంత్రం కింద పడి చచ్చినదైనా సరే, పొడవాటి కట్టెతోనే తీయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కోర గీరుకుంటే మంత్రమని కూర్చోకుండా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.