పటాలం లేని సిపాయిలు

భారత పదాతిదళంలో పంజాబు, మద్రాసు, మరాఠా, సిక్కు, కుమావోన్, అస్సాం పేర్లతో రెజిమెంట్లు ఉన్నాయి కాని, ఆంధ్ర పేరుతో గాని తెలుగు పేరుతో గాని ఒక్కటీ లేదు. రెజిమెంటు, అంటే పూర్వులు పటాలం అని పిలిచినది, కేవలం యుద్ధం చేసే దళం కాదు. దానికొక శిక్షణ కేంద్రం, ఒక పతాకం, ఒక యుద్ధనినాదం, ఏటా జరుపుకునే ఆవిర్భావ దినం ఉంటాయి, ఉద్యోగ విరమణ చేసినవారు ఆ దినాన మళ్లీ అక్కడికి చేరి తమతో కలిసి పనిచేసినవారిని చూసుకుంటారు, చనిపోయినవారిని తలచుకుంటారు. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ ఉమ్మడిదైన మద్రాసు రెజిమెంటులో తెలుగువారు ఉన్నప్పటికీ, చాలామంది ఫిరంగి దళంలో, ఇంజనీర్లలో, సిగ్నల్స్‌లో, వాహనాలను ఆయుధాలను మరమ్మతు చేసే ఈఎంఈలో, సరఫరా విభాగంలో, దేశం నలుమూలల వారితో కలగలిసి పనిచేసి ఇంటికి వస్తారు. అందువల్ల నూజివీడు మామిడి తోటల మధ్య ఏ ఊళ్లోనైనా ఇద్దరు మాజీ సైనికులు ఉన్నారంటే, ఒకరు లడఖ్‌లో ఫిరంగి పేల్చినవారు, మరొకరు అస్సాంలో వైర్‌లెస్ నడిపినవారు కావచ్చు. వారికి ఉమ్మడి యుద్ధభూమి లేదు, ఉమ్మడి కమాండరూ లేడు. అయినా వారిని ఊరు ఒకే మాటతో, 'మిలటరీ ఆయన' అనే పిలుస్తుంది, వారూ ఒకరినొకరు వెతుక్కుంటూనే ఉంటారు. ఈ కలయికకు ఆధారం పటాలం కాదు, ఊరు; ఇది ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే రెండున్నర శతాబ్దాల వెనక్కు వెళ్లాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర సర్కారులలో, అంటే గుంటూరు నుంచి గంజాం వరకు ఉన్న తీరప్రాంతంలో, సైనిక సేవ భూమితో ముడిపడి ఉండేది. జమీందారు పిలిచినప్పుడు ఆయుధంతో, మనుషులతో రావలసిన బాధ్యత మీద ఇచ్చిన గ్రామాన్ని మొఖాసా అని, దానిని అనుభవించే వానిని మొఖాసాదారు అని అనేవారు. మేకా వంశీయులైన అప్పారావుల నూజివీడు జమీందారీలో ఇటువంటి మొఖాసాలు అనేకం ఉండేవి. ఆ జమీందారీ ఒకప్పుడు నిడదవోలు వైపు దాకా విస్తరించి, పిమ్మట నూజివీడు, నిడదవోలు అని రెండుగా చీలింది. 1780ల తొలి సంవత్సరాలలో నారయ్య అప్పారావు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడినప్పుడు కంపెనీ సేనలు నూజివీడు కోటను పట్టుకున్నాయి. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం, అంటే జమీందారు ఏటా చెల్లించవలసిన పేష్కషును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన ఏర్పాటు, వచ్చాక సాయుధ బలగాలకు పనిలేకపోయింది. మొఖాసా అనే పేరు మాత్రం రెవెన్యూ రికార్డులలోనూ కోర్టు వ్యాజ్యాలలోనూ మిగిలింది.

జమీందారు కొలువు పోకముందే కత్తికి కంపెనీ కొలువు దొరికింది. 1756–57లో రాబర్ట్ క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకువెళ్లిన సిపాయిలలో తెలుగువారు ఎక్కువగా ఉండబట్టే ఆ ప్రాంతాలలో సిపాయిని తిలంగా అనే పిలిచారు. అయితే పందొమ్మిదో శతాబ్దం చివరి నాటికి పరిస్థితి తలకిందులైంది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తరువాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దీర్ఘకాలం శాంతి అనుభవించిన దక్షిణాది జనం యుద్ధానికి పనికిరారనీ, వాయవ్యంలోని 'యోధ జాతులు' మాత్రమే పనికివస్తాయనీ గట్టిగా నమ్మాడు. ఆ జాతి సిద్ధాంతంలో శాస్త్రం పాలు తక్కువ, 1857 తిరుగుబాటు తరువాతి రాజకీయం పాలు ఎక్కువ. తెలుగువారి చేరిక క్రమంగా తగ్గించారు, మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ పోయి 1928 నాటికి పూర్తిగా తుడిచిపెట్టారు. మళ్లీ రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చి మనుషులు కావలసి వచ్చినప్పుడు, 1941–42లో, మద్రాసు రెజిమెంటును కొత్తగా నిలబెట్టారు. తెలుగు సైనికునికి పటాలపు జ్ఞాపకం తండ్రి నుంచి కొడుక్కి అందకుండా పోవడానికి ఈ తెగిన పేగే కారణం.

ఆ తెంపును ఒక ఊరు తనదైన పద్ధతిలో పూడ్చింది. నూజివీడుకు తూర్పున, ఏలూరు దాటాక, పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో ఉన్న మాధవరాన్ని ఎవరూ ఉత్త మాధవరం అనరు; అది మిలటరీ మాధవరం. సమీపంలోని ఆరుగొలను కోట రక్షణకు గజపతుల కాలంలో మాధవ వర్మ అనే పాలకుడు యోధులను రప్పించి ఇక్కడ నిలిపాడని, ఊరికి ఆయన పేరే వచ్చిందని స్థానిక ఐతిహ్యం. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి దాదాపు 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యికి పైగా మంది వెళ్లారని గ్రామస్థుల లెక్క. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే తీసుకోవాలి. లెక్కను మాత్రం తేలికగా కొట్టివేయడానికి వీల్లేదు, ఎందుకంటే స్వాతంత్ర్యం తరువాత కూడా ఇక్కడ ఇంటికొకరైనా సైన్యంలో చేరడం ఆనవాయితీగా సాగింది, ఊళ్లో స్మారక స్తంభం నిలిచింది, పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని ర్యాంకులనే పేర్లుగా పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. పటాలానికి కేంద్రం చేసే పని ఇక్కడ ఊరు చేస్తోంది: ఎవరు ఎప్పుడు చేరారు, ఎక్కడ పనిచేశారు, ఎవరు తిరిగి రాలేదు అనే చిట్టా వీధులలోనూ ఇళ్లలోనూ నడుస్తూ ఉంటుంది. ఇటువంటి ఊరిని గురించి వేడుకగా రాసే పత్రికా కథనాలు వీరత్వాన్నే చూపుతాయి గాని, భూమి చాలని కుటుంబాలకు నెలజీతం, పింఛను ఇచ్చిన కొలువుగా సైన్యం నిలిచిందన్న మాటను తక్కువగా చెబుతాయి. ఆ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు.

నూజివీడు ప్రాంతంలో మాధవరం వంటి గుంపు లేదు; ఊరికి కొద్దిమందిగా చెదిరిన కుటుంబాలు ఉంటాయి. వీరిని కలిపి ఉంచేవి పైకి చూస్తే చాలా సాదా విషయాలు. రాయితీ ధరకు సరుకులు అమ్మే మిలటరీ క్యాంటీను. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం కింద నడిచే పాలీక్లినిక్. ఏటా నవంబరులో బతికే ఉన్నామని పింఛనుదార్లు దాఖలు చేయవలసిన జీవన ప్రమాణ పత్రం. బిడ్డ చదువుకు, కూతురి పెళ్లికి సహాయం కోరుతూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పెట్టే దరఖాస్తు. క్యాంటీను వరుసలో పక్కన నిలబడ్డ మనిషిని 'ఏ యూనిట్' అని అడగడంతో పరిచయం మొదలవుతుంది. జవాను పదిహేనేళ్ల సేవతోనే పింఛనుకు అర్హుడు గనుక మాజీ సైనికుడు అనగానే పండు ముసలిని ఊహించుకోకూడదు; నలభై ఏళ్లకే ఇల్లు చేరినవారు ఎందరో. భూమి విషయంలోనూ వీరికి ప్రత్యేక గుర్తింపు ఉంది: ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములను అమ్మరాదని 1977 చట్టం కట్టడి చేయగా, మాజీ సైనికులకు ఇచ్చిన పట్టాలను పదేళ్ల తరువాత అమ్ముకునే వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటు అవసరంలో ఉన్నవారికి మేలు చేసింది, భూమిని మాత్రం సైనికుని చేతిలో నిలపలేదు.

వీరు కలుసుకోవడానికి క్యాలెండరు కూడా తోడ్పడుతుంది. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, 16న 1971 యుద్ధ విజయ దినం, జనవరి 14న మాజీ సైనికుల దినం వరుసగా వస్తాయి. ఈ చివరిది తొలి భారతీయ సేనాధిపతి కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజు. తెలుగునాట అది చాలా ఏళ్లలో భోగి పండుగ నాడే పడుతుంది, సెలవు దొరికిన జవాన్లు ఇంటికి వచ్చే సమయమూ అదే, పైగా మామిడి అప్పటికింకా పూత మీద ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ కోసి నున్న మార్కెటుకు పంపే హడావిడిలో సభ అంటే ఎవరు వస్తారు? కోతలు ముగిశాక జూలై 26న కార్గిల్ విజయ దినం నాడు రెండోసారి కలుసుకునే వీలు చిక్కుతుంది.

కలిసినప్పుడు సాగే ముచ్చట్లలో యుద్ధం పాలు తక్కువ. మంచుతో గడ్డకట్టిన నీళ్ల డబ్బా, రాని భాషలో నేర్చుకున్న తిట్లు, దొరకని చింతపండు, లీవు మంజూరయ్యాక తప్పిపోయిన రైలు వంటివే ఎక్కువ. వారు కొలువులో ఉన్న కాలంలో ఇంటికి ఉత్తరం వస్తే దాని మీద ఊరి పేరు ఉండేది కాదు. '56 ఏపీఓ' అనో '99 ఏపీఓ' అనో, అంటే సైనిక తపాలా కార్యాలయపు సంఖ్య మాత్రమే, ఉండేది. భద్రత కోసం చేసిన ఆ ఏర్పాటు వల్ల భర్త లేదా కొడుకు ఎక్కడున్నాడో ఇంటివారికి ఏళ్ల తరబడి తెలిసేది కాదు. అందుకే తిరిగి వచ్చిన సైనికుడు తోటి సైనికునితో మాట్లాడుతుంటే పక్కన కూర్చున్న భార్య తన కాపురంలోని ఖాళీ సంవత్సరాలకు స్థలనామాలు మొదటిసారి వింటుంది. ఈ స్త్రీల జ్ఞాపకం, ముఖ్యంగా వీరనారులది, అంటే భర్తను పోరులో కోల్పోయినవారిది, మాజీ సైనికుల సభలలో చివరి వరుసకే పరిమితం కావడం అన్యాయం.

చనిపోయినవారికి రాళ్ల మీద చోటు దొరికింది. 1931లో ఆవిష్కరించిన ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి; బర్మా పోరులో సమాధి దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు యాంగోన్ దగ్గరి తౌక్యాన్‌లో చెక్కారు; 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యానంతర అమరులు దాదాపు 26 వేల మంది ఉన్నారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలలో చాలామంది భారతీయ సైనికుల పేర్ల పక్కన తండ్రి లేదా భార్య పేరు, ఊరు, జిల్లా కూడా నమోదై ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. బతికి వచ్చినవారికి అటువంటి జాబితా లేదు. సొంత పటాలం లేని తెలుగు సైనికునికి ఆ లోటు మరింత ఎక్కువ.

వాట్సాప్ బృందాలు పాత బ్యాచ్‌మేట్లను ఇప్పుడు మళ్లీ కలుపుతున్నాయి, శుభాకాంక్షలు చేరవేస్తున్నాయి. కాని వాటిలోని మాటలు ఫోను మారితే పోతాయి. ఊరి పంచాయతీ, హైస్కూలు, గ్రంథాలయం తలచుకుంటే చేయగలిగిన పని ఇది: సైనిక సంఖ్య, దళం, పనిచేసిన చోట్లు, సంవత్సరాలు, తోటివారి పేర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టి, డిస్చార్జి పుస్తకం నకలు, ఒక ఫొటో జతచేయడం. ఇంట్లో మాజీ సైనికుడు ఉన్న పాఠకులు ఈ సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టాలి. 1971లో ఇరవై ఏళ్ల జవానుగా ఉన్నవారు ఇప్పుడు డెబ్బై అయిదేళ్ల దరిదాపుల్లో ఉన్నారు.