ఫ్రాయిడు విడిచిన వ్రాతప్రతి

మనోవిశ్లేషణమునకు మూలపురుషుడైన సిగ్మండ్ ఫ్రాయిడు మొదట పరిశోధించినది మనస్సును గాదు, నరములను. వియన్నాలో బ్రూకె ఆచార్యుని ప్రయోగశాలయందు 1876 మొదలు 1882 వరకు పనిచేసి, లాంప్రే అను జలచరముయొక్క వెన్నుపాములోని నాడీకణములను సూక్ష్మదర్శినితో పరిశీలించెను. ఆయనను చదువునపుడు ఈ సంగతిని మరువరాదు.

1895లో ఆయన ఒక సాహసమునకు పూనుకొనెను. స్మృతి, వాంఛ, స్వప్నము మున్నగు మనోవ్యాపారములను నాడీకణములలో ప్రవహించు శక్తిగా వివరింపదలచి, ఒక వ్రాతప్రతిని సిద్ధపరచి, బెర్లినులోని మిత్రుడు ఫ్లీసుకు పంపెను. కణమునకు కణమునకు నడుమ అవరోధములు కలవనియు, అనుభవము వానిని సడలించుటయే స్మృతికి ఆధారమనియు అందలి ఊహ. కణముల నడిమి ఆ సంధికి ‘సైనాప్స్’ అను పేరు వచ్చినది 1897లో. ఊహ ముందే పుట్టినను, పరీక్షించు సాధనము ఆనాడు లేదు. ఫ్రాయిడు ఆ ప్రయత్నమును విరమించెను. అయినను ఆశ విడువలేదు. మనశ్శాస్త్ర పరిభాషకు మారుగా శరీరధర్మ రసాయనశాస్త్రముల పరిభాష లభించినచో తన వర్ణనలోని లోపములు తొలగునని 1920లో సైతము అంగీకరించెను.

ఫ్లీసు మరణానంతరము ఆ కాగితములు విక్రయమునకు రాగా, ఫ్రాయిడు శిష్యురాలు మరీ బోనపార్త్ కొనెను. అవి లోకమునకు తెలియరాదని గురువు కోరినను ఆమె భద్రపరచెను. 1950లో ఆ వ్రాతప్రతి ముద్రితమయ్యెను. సంపాదకులలో ఎర్నెస్ట్ క్రిస్ ఒకరు.

కథ ఇచ్చట మరల వియన్నాను తాకుచున్నది. ఆ నగరమున 1929లో జన్మించి, నాజీల దౌర్జన్యమువలన 1939లో అమెరికా చేరిన ఎరిక్ కాండెల్, హార్వర్డులో చరిత్రసాహిత్యములు చదువు దినములలో ఈ క్రిస్ కుటుంబపు పరిచయమువలననే మనోవిశ్లేషణమునకు ఆకర్షితుడయ్యెను. పిదప ఆయన పరిశోధనకు ఎన్నుకొన్నది అప్లీసియా అను సముద్రపు నత్త. దాని నాడీకణములు ఇంచుమించు 20,000 మాత్రమే. క్షణికస్మృతియందు ఉన్న సంధుల బలము మారుననియు, చిరస్మృతియందు కణకేంద్రములోని జన్యువులు మేల్కొని క్రొత్త మాంసకృత్తులను పుట్టింపగా క్రొత్త సంధులు మొలచుననియు ఆయనయు సహచరులును నిరూపించిరి. 2000లో నోబెల్ బహుమానము ఆయనతోపాటు మరి ఇద్దరికి లభించెను.

జన్యువు వంశక్రమమున వచ్చును. నేర్చుకొనుట దాని అక్షరక్రమమును మార్చదు. కాని అది ఎప్పుడు పనిచేయవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో నిర్ణయించుటలో అనుభవమునకును భాగము కలదు. సంభాషణచే చేయు చికిత్స చిరకాలఫలము నిచ్చినచో, అదియు జన్యువుల వ్యాపారమును మార్చియే ఇవ్వవలెనని కాండెల్ 1998లో వాదించెను. అనగా మాటయు మెదడును మార్చగలదు.

దీనివలన ఫ్రాయిడు చెప్పినదెల్ల రుజువైనదనుట తొందరపాటు. నత్త నేర్చిన పాఠము ఈడిపస్ గ్రంథికి సాక్ష్యము గాదు. మనోవిశ్లేషణము ప్రయోగపరీక్షకు నిలువవలెనని 1999లో కాండెలే హెచ్చరించెను.

పాత్రల పతనమును అచేతనమునకో, రక్తగుణమునకో పూర్తిగా అప్పగించుట విమర్శలో సులభమార్గము. రెండును విధికి మారుపేర్లే యగును. వంశము నిచ్చినదానిని అనుభవము ఎంతవరకు మలచును? ఫ్రాయిడు 1895లో విడిచిన ఆ ప్రశ్న నేటికిని ముగియలేదు. ప్రతి పాత్రయందును దానిని మరల అడుగుట రచయిత ధర్మము.