ఆసుపత్రి గడప దాటిపోయిన చెక్క

లండన్‌లోని సదర్క్‌లో సెయింట్ థామస్ చర్చి అటక మీద 1822లో ఒక ఆపరేషన్ థియేటర్ కట్టారు. పక్కనున్న సెయింట్ థామస్ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డు కోసం. మధ్యలో చెక్క బల్ల, చుట్టూ మెట్లుమెట్లుగా విద్యార్థులు నిలబడే చోటు. బల్ల కింద రంపపు పొట్టు నింపిన పెట్టె ఉండేది. రక్తం ఎటు కారితే సర్జన్ ఆ పెట్టెను కాలితో అటు నెట్టేవాడు. తొలి రోజుల్లో మత్తుమందు లేదు, కత్తి పట్టేముందు చేతులు కడుక్కోవాలన్న పట్టింపూ లేదు. 1862లో ఆసుపత్రి అక్కణ్నుంచి తరలిపోయింది. మూతపడ్డ ఆ అటక 1956లో గానీ మళ్లీ వెలుగు చూడలేదు.

అలాంటి బల్లను చూస్తే చెక్కంటే రోతపుట్టడం సహజమే. అయితే సూక్ష్మజీవుల సంగతి వైద్యులు ఒప్పుకోకముందే చెక్క మీద అనుమానం మొదలైంది. వార్డు గోడలు, నేల దేన్నీ పీల్చుకోకూడదని నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ పట్టుబట్టింది. ఓక్ చెక్క నేలైతే మైనం పట్టించి మెరుగుపెట్టాలంది. 1865లో గ్లాస్గోలో సర్జన్ జోసెఫ్ లిస్టర్ సూక్ష్మజీవులను చంపే కార్బాలిక్ ఆమ్లంతో గాయాలకు కట్లు కట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే పద్ధతి వచ్చింది. చెక్క పిడులు ఆ వేడికి, తడికి నిలవలేదు. పిడులు, బల్లలు, అలమారాలు ఒక్కొక్కటే లోహానికి మారాయి.

ఆపరేషన్ థియేటర్ వరకు అది సరైన నిర్ణయం. చిక్కల్లా ఆ తీర్పునే పరీక్షించి చూడకుండా మిగతా ఆసుపత్రికీ, చివరికి వంటింటికీ రుద్దడంలోనే ఉంది.

1990ల మొదట్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లివర్ బృందం ఆ పరీక్షకు దిగింది. చెక్క మంచిదని నిరూపించడం వాళ్ల ఉద్దేశం కాదు. ఇళ్లలో మాంసం తరిగే చెక్క పలకలను ప్లాస్టిక్ పలకలంత సురక్షితంగా ఎలా చేయాలో కనిపెట్టాలనుకున్నారు. చెక్క ముక్కల మీదా, ప్లాస్టిక్ ముక్కల మీదా సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ. కోలై కలిపిన ద్రవం వేశారు. శుభ్రమైన చెక్క దాన్ని 3 నుంచి 10 నిమిషాల్లో పూర్తిగా పీల్చేసుకుంది. పచ్చిమాంసం నుంచి అంటుకునేంత మోతాదు, అంటే కొన్ని వేల బాక్టీరియా, చెక్కలోకి ఇంకాక దాదాపుగా మళ్లీ దొరకలేదు. ప్లాస్టిక్ మీద మాత్రం గంటల తరబడి బతికాయి, రాత్రంతా వదిలేస్తే పెరిగాయి కూడా. పది లక్షలకు మించి వేసినప్పుడు చెక్కలోనూ కొన్ని మిగిలాయి. 1994లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

నైటింగేల్ తప్పుపట్టిన పీల్చుకునే గుణమే ఇక్కడ మేలుచేసింది. చెక్కలోని సన్నని నాళాలు తడిని లోపలికి లాగేస్తాయి, తడి అందక బాక్టీరియా ఎండి చస్తాయి. కొన్ని చెట్ల రసాయనాలూ ఇందుకు తోడవుతాయి. పైన్ చేవలో పినోసిల్విన్, ఓక్‌లో టానిన్లు ఉంటాయి. జర్మనీ ప్రయోగాల్లో పైన్ బాగా నెగ్గింది. ఫ్రాన్స్‌లోని నాంత్ పరిశోధకులు ఆసుపత్రుల్లో పాకే స్టాఫిలోకాకస్ ఆరియస్ లాంటి వాటి మీద ఓక్‌ను పరీక్షించారు. చెక్కను ఏ వాటంలో కోశారన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారింది. కాబట్టి చెక్క అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు, శుభ్రం చేసే పనీ తప్పదు. చింత మొద్దు మీద మాంసం కొట్టే మన దుకాణదారులు దాన్ని గీకి శుభ్రం చేసుకోవడం మానలేదు కదా!

ఆపరేషన్ థియేటర్ బయట చెక్కకు మళ్లీ చోటిచ్చిన సందర్భమూ ఉంది. 2017లో ఇంగ్లాండ్‌లోని రాయల్ ఓల్డమ్ ఆసుపత్రి ఆవరణలో క్యాన్సర్ రోగులకు ఆసరాగా మ్యాగీస్ కేంద్రాన్ని ట్యులిప్‌వుడ్ కలపతో కట్టారు. తలుపు పిడులకు సైతం లోహం వాడలేదు, చెక్కే పెట్టారు. కీమోథెరపీ తీసుకునే కొందరికి చల్లటి లోహం తగిలితే నొప్పి పుడుతుంది. తలుపు పిడి ఆవిరి శుద్ధిని తట్టుకోనక్కర్లేదు. పొడిగా ఉండాలి, రోజూ తుడవడానికి వీలుండాలి. వార్డు కుర్చీలకూ, వరండా కమ్మీలకూ ఇదే లెక్క.