ఆగి బ్రతికిన కణము

మన శరీరమునందు కణములు విభజన చెందుట అనుక్షణము జరుగుచుండెడి కార్యము. చర్మమునందు, ప్రేవులయందు, ఎముకల మూలుగయందు పాతకణములు నశించుచుండ క్రొత్తవి పుట్టుచునే యున్నవి. ఒక కణము రెండగుటకు ముందు, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. పోగుల నన్నిటిని ప్రతి వ్రాసికొనవలెను. పిదప ఆ ప్రతులను రెండు పిల్లకణములకు సమముగా పంచవలెను. ఇంతలో ఆ పోగు తెగినచో కణమేమి చేయును? ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన విధమే నేటి ప్రసంగ విషయము.

ఎక్సు కిరణములు, రేడియము కిరణములు సోకిన కణములు కొంతకాలము విభజన మానుననునది క్రొత్తసంగతి కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములయందే పరిశోధకులు దీనిని సూక్ష్మదర్శినిలో చూచిరి. కాని దాని యర్థము స్పష్టము కాలేదు. కాలు విరిగినవాడు నడువజాలక కూలబడినట్లు, గాయపడిన కణము అశక్తతచే నిలిచిపోవుచున్నదని తలచుట సహజము. అది అశక్తతయా, లేక కణము తనకు తాను విధించుకొన్న నియమమా? ఈ సందేహమును తీర్చినది కల్లు పులియుటకును, రొట్టె పొంగుటకును కారణమైన ఈస్టు.

అమెరికాలోని సియాటిల్ నగరమున, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునందు లీలండ్ హార్ట్‌వెల్ ఈస్టు విభజనను చిరకాలము పరిశోధించెను. ఆయనకడ పనిచేసిన టెడ్ వీనర్ట్, కిరణములకు సుళువుగా చచ్చెడి ఈస్టు రకములను పరీక్షించెను. సామాన్యమైన ఈస్టు, కిరణములు సోకగానే విభజన నాపి, తెగిన పోగులను బాగుచేసికొని మరల సాగినది. రాడ్-9 అను జన్యువు లోపించిన ఈస్టు మాత్రము ఆగలేదు. తెగిన పోగులతోడనే విభజన సాగించి, కొన్ని తరములలోనే నశించినది.

ఇంతటితో వారు తృప్తి చెందలేదు. ఆ లోపముగల కణములను, విభజన నడ్డగించు నొక మందుతో బలవంతముగా నిలిపిరి. కిరణములు సోకిన పిదప కొన్ని గంటలు ఆ స్థితిలోనే యుంచి, తరువాత విడిచిరి. చావవలసినవానిలో అనేకము బ్రతికినవి! అనగా బాగుచేసికొను నేర్పు వానికి లేకపోలేదు, లేనిది వ్యవధియే. రాడ్-9 చేయు పని గాయమును మాన్పుట కాదు, మానువరకు ఆగుమని చెప్పుట. ఈ ఫలితము 1988లో ప్రకటితమైనది. మరుసటి యేట వారిరువురును ఇట్టి కట్టుబాట్లను, తనిఖీ ఠాణాలను నర్థము వచ్చు పేరుతో, ఒక వ్యాసమున విపులముగా చర్చించిరి.

ఈస్టునకు చెల్లిన న్యాయము మనుష్యునకును చెల్లునా? 1991లో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్‌కిన్స్ సంస్థలో మైకేల్ కాస్టన్ బృందము, కిరణములు సోకిన మానవకణములలో పి-53 అను ప్రోటీను హెచ్చుననియు, అది చెడిన కణములు ప్రతివ్రాతకు ముందు ఆగజాలవనియు చూపెను. రాచపుండు అని మనవారు చెప్పు కాన్సరులలో సుమారు సగమునందు ఈ పి-53 జన్యువే చెడియున్నది. 1995లో ఇజ్రాయేలు దేశపు యోసెఫ్ షిలో బృందము ఏ.టి.ఎమ్. అను జన్యువును గుర్తించెను. డి.ఎన్.ఏ. పేటలు రెండును తెగినపుడు హెచ్చరిక పంపునది దానినుండి పుట్టిన ప్రోటీనే. ఆ జన్యువు చెడిన శిశువులకు నడక తడబడును. కాన్సరు భయము హెచ్చు. ఇతరులకు చికిత్సయగు కిరణములే వారికి ప్రాణాపాయమగును.

కణవిభజన నడచు తీరును వెల్లడించినందులకు 2001లో హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్ అను మువ్వురికి నోబెల్ బహుమాన మొసగబడినది.

పెరుగుటయే జీవలక్షణమని మనము తలంతుము. అదను తెలిసి ఆగుటయు అంతటి లక్షణమే. గాయము మానకున్న కణము తన్ను తానే నశింపజేసికొనుటయు కలదు. ఆగనేరని కణమే దేహమునకు శత్రువగును. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాటను, కంటికి కనబడని ఈ కణము మనకంటె ముందే పాటించుచున్నది.