కాంచీపురపు పెండ్లిచీర – తెలుగు నేతరుల హస్తకౌశలము

కాంచీపురము ఏకామ్రనాథునికిని, కామాక్షీదేవికిని, వరదరాజస్వామికిని నెలవై ప్రసిద్ధి గాంచినట్లే పట్టునేతకును ప్రసిద్ధి గాంచినది. దక్షిణదేశమున పెండ్లికూతురి పట్టుచీర యనగా కాంచీచీరయే యని జనులు తలంచుట పరిపాటి. ఆ చీరను నేయువారిలో తమిళులగు సెంగుందరులు మున్నగువారితోపాటు, ఇంటియందు తెలుగు మాటలాడు సాలెలును దేవాంగులును తరతరములుగా నున్నారు. పెండ్లిచీర నిర్మాణమున వీరి భాగమెట్టిదో, ఆ విద్య నేడే దశయందున్నదో తెలుపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

కాంచిలో నేతపని తెలుగువారితో పుట్టినది కాదు. పదవ శతాబ్దికి చెందిన ఉత్తమచోళుని మద్రాసు మ్యూజియము తామ్రశాసనమున ఆ నగరమందలి నేతవారు పేర్కొనబడినారు. ఊరగమున నున్న విష్ణ్వాలయపు నిర్వహణలో వారికి బాధ్యత లప్పగింపబడినవి. ఆంధ్రదేశమునుండి సాలెలును దేవాంగులును అచటికి వలసపోయినది శ్రీకృష్ణదేవరాయల కాలమున (1509–1529) నని అనుశ్రుతి కలదు. ఆనాటి పరిస్థితులు దీనికి అనుకూలముగనే యున్నవి. రాయలు 1514లో వరదరాజస్వామి పుణ్యకోటి విమానమునకు బంగారుపూత పూయించెను. ఆలయము వర్ధిల్లిన చోట స్వామికి పట్టువస్త్రములును, ఉత్సవములకు వచ్చు సంపన్నులకు చీనిచీనాంబరములును కావలయును. వస్త్రమునకు గిరాకి గల తావునకు నేతరి తన మగ్గముతో చేరుట సహజము.

ఇరుకులములవారును తమ వృత్తికి దైవమూలమును చెప్పుకొందురు. పద్మసాలెలు మార్కండేయ మహర్షి సంతతియగు భావనఋషిని మూలపురుషునిగా కొలుతురు. ఆయన తామరతూడు నూలుతో దేవతలకు వస్త్రము నేసెనని వారి పురాణము. దేవాంగులు దేవలమహర్షిని మూలపురుషునిగాను, చౌడేశ్వరిని కులదేవతగాను ఆరాధింతురు. విష్ణునాభికమలపు తంతువులను దేవలుడు సంపాదించెనని వారి కథనము. రెండు కథలందును తామరనూలే కనబడుట గమనింపదగినది.

ఇక చీర నిర్మాణము. పెండ్లివారు కోరి చేయించుకొను చీరకు మొదట నిర్ణయింపవలసినవి మూడు: ఒడలి రంగు, అంచు, కొంగు. ఒడలు అరక్కు, అనగా లక్కవన్నె, యైనచో అంచు ఆకుపచ్చగానో పసుపుపచ్చగానో ఉండుట సంప్రదాయము. ఒకదానితో నొకటి పొసగని రెండు వన్నెలను పక్కపక్కన నిలిపి మెప్పించుటయే కాంచీచీర రహస్యము. పట్టు కర్ణాటకమునుండియు, జరీ సూరతు పట్టణమునుండియు వచ్చును. మేలైన జరీయందు పట్టుదారముపై సన్నని వెండితీగ చుట్టి బంగారుపూత నిత్తురు. జరీని గోటితో గీచినప్పుడు లోపల ఎర్రని పట్టు కనబడిన మంచిదని పెద్దల పరీక్ష.

పట్టులోని జిగురును సబ్బునీట మరిగించి తొలగించి, పిమ్మట రంగు వేయుదురు. తెల్లవారుజామున వీథి పొడవునను పడుగు చాచి, బియ్యపు గంజి పట్టించి, పోగులు చిక్కుపడకుండ సవరించుట కుటుంబమంతయు కలిసి చేయు పని. ఎండ ముదిరినచో పోగు పెళుసెక్కును. ఒక పడుగున సాధారణముగా మూడు చీరలు వచ్చును. పొడిచీరకు పదిపదునైదు దినములు చాలును. జరీ మిక్కుటమైన పెండ్లిచీరకు నెలయు పట్టవచ్చును.

ఈ నేతలో ప్రధానమైనవి రెండు. మొదటిది కోర్వై. ఒడలిని ఒక వన్నెతోను, రెండంచులను వేరొక వన్నెతోను నేయునప్పుడు ఒక నాడె చాలదు. మూడు నాడెలు కావలయును. నేతరి యొక్కడే మూడింటిని విసరజాలడు గనుక పక్కన సహాయకుడు కూర్చుండి ఒక అంచు నాడెను అందించుచుండును. ప్రతి పేకయందును అంచుపోగు ఒడలి పోగుతో పెనవైచుకొనును. అందుచే కాంచీచీర ఒడలు చిరిగినను అంచు వీడదని లోకోక్తి పుట్టినది. గద్వాలలో నూలు ఒడలికి పట్టంచును కలుపు నేతను తెలుగువారు కుప్పడమందురు. కోర్వై, కుప్పడము వేరు పేర్లుగల ఒకే యుపాయము. గద్వాల చీరల కోటకొమ్మయంచు రంపపు పళ్ళవలె ఒడలిలోనికి చొచ్చుకొనిపోవును. కాంచీ అంచులయందు తాళంపూరేక్కు ఆ తీరుననే యుండును. తాళంపూవనగా మొగలిపూవు, రేక్కనగా మన రేకే. మొగలిరేకు నెరిగిన తెలుగు వనితకు ఆ యంచు పరాయిది కాదు.

రెండవది పేట్ని. కొంగుకు వేరు వన్నె కావలసినపుడు ఒడలి పడుగుపోగు నొక్కొక్క దానికి కొంగు పడుగుపోగు నొక్కొక్కటి మెలివైచి కలుపుదురు. పోగులు వేలకొలది యుండును. కొంత మేర రెండు పడుగులను కలిపి నేసి, పిదప పాత పోగులను కోసివేయుదురు. ఒడలికిని కొంగునకును నడుమ కనబడు చిక్కని పట్టీయే యీ కలయిక గుర్తు. ఓర్పు గలవారికే యీ పని సాధ్యము.

ఒడలిపైని బుటాలను, కొంగుపైని రూపులను చూచినవారు సూదితో కుట్టినవని భ్రమింతురు. అవి కుట్టుపని కాదు, నేతయే. ఏ పడుగుపోగులు ఎప్పుడు లేవవలయునో ముందుగా లెక్కించి నూలుత్రాళ్ళతో కట్టియుంచు ఏర్పాటును ఆడై యందురు. తరువాత అట్టముక్కలకు రంధ్రములు వేసిన జాకార్డు దాని స్థానమున వచ్చెను. నెమలికన్ను, రుద్రాక్ష, హంస, గోపురము, యాళి, ఇరుతలల పక్షి మొదలైనవి రూపులు. ఇరుతలల పక్షి గండభేరుండమే. విజయనగర చక్రవర్తియగు అచ్యుతరాయల నాణెములపైని అదియే కలదు. 1936లో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రమునందలి నేతశాల ఇట్టి ప్రాచీనరూపులను పునరుద్ధరించినది. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పేర వెలసిన 'ఎం. ఎస్. నీలము' కాంచీ మగ్గముపై పుట్టిన వన్నెయే.

సూదిపని రవికయందు వచ్చి చేరినది. చట్రమునకు బట్ట బిగించి, కొక్కెపు సూదితో జరీ, పూసలు, తళుకులు కుట్టు పనిని తెలుగునాట నేడు మగ్గంపని యనుచున్నారు. చీర నేసిన మగ్గము వేరు, రవిక కుట్టిన మగ్గము వేరు. పేరు మాత్ర మొక్కటి. పెండ్లిపీటలపై తెలుగువధువు ధరించు సంప్రదాయవస్త్రము మధుపర్కము. అది రంగుటంచు గల తెల్లని నూలువస్త్రము. కాంచీపట్టు దానిని త్రోసిరాజనలేదు. దాని సరసన నిలిచినది.

ఈ వైభవమునకు వెనుక నీడయు కలదు. కోర్వై కవసరమైన సహాయకుడు చాలకాలము బాలుడే. బదులు తీసికొన్న బయానాకు ఈడుగా బిడ్డను మగ్గము పక్కన కూర్చుండబెట్టిన కుటుంబము లనేకములు. 1986లో బాలకార్మిక నియంత్రణ శాసనము వచ్చెను. 2016 సవరణ పదునాలుగేండ్ల లోపువారిని పనిలో నియమించుటను నిషేధించుచు, బడివేళల వెలుపల కుటుంబమునకు తోడ్పడుటను మాత్రము మినహాయించెను. బాలుడు బడికి పోవుట న్యాయము. కాని అతని స్థానమున పెద్దవానిని కూర్చుండబెట్టిన రెండు కూలు లీయవలయును; చీర వెల యంత పెరుగదు. అందుచే పెక్కుచోట్ల కోర్వై విడచి, ఒక్కడే నేయదగిన అంచులకు దిగినారు. చీరలు మున్నగు కొన్ని వస్త్రములను చేమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేయబడినను మరమగ్గముల పోటీ తగ్గలేదు. 2005–06లో లభించిన భౌగోళిక గుర్తింపు కాంచి పేరును కాపాడుచున్నది. పేరు నిలిచినంత మాత్రమున నేతరి కడుపు నిండదు. తాను నేసిన పట్టును తన కూతురి పెండ్లికి కొనలేని నేతరి కథయే 'కాంజీవరం' చలనచిత్రమునకు ఇతివృత్తము.

పడుగు నాంధ్రమునుండి తెచ్చి, పేకను తమిళనాట వైచి జీవించిన జనము వీరు. ఆ నేతయందు ఏది తెలుగు, ఏది తమిళమని విడదీయ జూచుట కోర్వైని విప్పజూచుటయే యగును. వారి విద్యకు న్యాయమైన వేతనము లభించి, వారి బిడ్డలు బడికి పోవుచునే ఇచ్ఛ కలిగిన యెడల మగ్గమెక్కగలుగు దినము వచ్చినపుడే యీ పెండ్లిచీర నిజముగా మంగళవస్త్రము కాగలదు.