జానంపేట కుండ, బిజెన్ గిన్నె

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డు అడవుల్లో, పినపాక మండలం జానంపేట దగ్గర పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధులు గుంపులుగా కనిపిస్తాయి. స్థానికులు వాటిని రాక్షస గుళ్లంటారు. అవి ఇనుప యుగం నాటివి. తెలంగాణ అంతటా ఇలాంటి సమాధుల్లో దొరికే కుండకు లోపలి భాగం, అంచు నలుపు, పొట్ట ఎరుపు. అది పూసిన రంగు కాదు. గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబడింది. కుండను బోర్లించి గాలి ఆడకుండా చేసిన చోట పొగ పట్టి నల్లబడింది.

నిప్పు చేసే ఈ పనిని చూసి మురిసిపోవడాన్ని ఒక విద్యగా పెంచుకున్న దేశం జపాన్. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ (1522–1591) వంటి తేనీటి గురువులు చైనా నుంచి వచ్చిన నున్నని పాత్రలకన్నా మోటు గిన్నెలను ఎక్కువగా ఇష్టపడ్డారు. కొరియా కుమ్మరులు పేరు చెప్పుకోకుండా చేసిన గిన్నెలు వాళ్లకు అపురూపమయ్యాయి. క్యోటోలోని దైతోకుజి మఠంలో భద్రంగా ఉన్న ‘కిజాయెమోన్’ గిన్నె అలాంటిదే. ఇప్పుడది జపాన్ జాతీయ సంపద.

నా మనసు మాత్రం బిజెన్ మట్టిపాత్రల దగ్గరే ఆగుతుంది. ఒకాయామా ప్రాంతంలోని ఇంబె ఊరు వాటి పుట్టిల్లు. వరిపొలాల అడుగు నుంచి తీసిన, ఇనుము ఎక్కువగా ఉన్న జిగురు మట్టితో చేస్తారు. మెరుపు పూత పూయరు. పైన్ కట్టెలతో పది రోజులు, కొన్నిసార్లు రెండు వారాలు, రాత్రింబవళ్లు కాలుస్తారు. వేడి 1,200 డిగ్రీలు దాటుతుంది. ఎగిరిన బూడిద పాత్ర భుజాల మీద పడి, కరిగి, నువ్వులు చల్లినట్టు అంటుకుంటుంది. వరిగడ్డి చుట్టి కాలిస్తే గడ్డిలోని క్షారం తగిలిన మేర ఎర్రని చారలు దిగుతాయి. ఒకే ఆవంలో ఏ రెండు పాత్రలూ ఒకేలా రావు. సేకరించేవాళ్లు కోరుకునేది కూడా అదే.

ఆధునిక కాలంలో, మోటు పాత్రల్లో అందాన్ని వెతికే ఈ చూపుకు మాటలిచ్చినవాడు యనగి సోయెత్సు. కుమ్మరులు హమదా షోజి, కవాయి కంజిరోలతో కలిసి 1925లో జానపద హస్తకళల ఉద్యమానికి పేరు పెట్టాడు. 1936లో టోక్యోలో దాని కోసం మ్యూజియం తెరిచాడు. బిజెన్‌లో మరుగునపడిన పాత కాల్పు పద్ధతులకు మళ్లీ ప్రాణం పోసిన కనెషిగె తోయోను 1956లో ప్రభుత్వం ‘సజీవ జాతీయ సంపద’గా గుర్తించింది. కుమ్మరికి దక్కిన ఆ గౌరవం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మన హైదరాబాదులోనూ జపాన్ పాత్రలున్నాయి. మూడో సాలార్‌జంగ్ (1889–1949) సేకరణలోని సత్సుమా కలశాలకు బంగారు నగిషీ, కిక్కిరిసిన బొమ్మలు ఉంటాయి. అవి చాలావరకు విదేశీ గిరాకీని చూసి చేసిన తరహావి. వాటిలో పనితనం గొప్పదే. కానీ బిజెన్ రుచి వేరు. ఆ రుచి దక్షిణాదికి పాండిచ్చేరి మీదుగా వచ్చింది. బిజెన్‌లో పని నేర్చుకున్న డెబొరా స్మిత్, రే మీకర్‌తో కలిసి 1971లో అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. దేశంలోని ఎంతోమంది సెరామిక్ కళాకారులు అక్కడ తయారైనవాళ్లే.

కొనదలిచినవాళ్లు ముందు పాత్రను తిరగేసి అడుగు చూడాలి. మట్టి అసలు రంగు, దారంతో సారె నుంచి కోసిన గుర్తు అక్కడే తెలుస్తాయి. బరువు చేతికి ఆనాలి. బిజెన్ గిన్నెను వాడే ముందు కాసేపు నీళ్లలో నానబెడితే రంగు తేరుకుంటుంది. అద్దాల బీరువాలో ఉంచేకన్నా రోజూ వాడితేనే దానికి నిగారింపు. పాత్ర కోసం చేసిన చెక్కపెట్టె మీద కళాకారుడి చేవ్రాలు ఉంటుంది. పెట్టె పోతే విలువా తగ్గుతుంది. హమదా తన పాత్రల మీద సంతకం చేసేవాడు కాదు. పెట్టె మీద మాత్రం పేరు రాసేవాడు.

జానంపేట తరహా పాత కుండలకు మన మ్యూజియం చీటీల మీద కాలం, తవ్వకం జరిగిన చోటు ఉంటాయి. ఆ కుండల పక్కన ఖమ్మం కుమ్మరి ఈ ఏడాది కాల్చిన కూజా ఒకటి పెట్టి, దాని చీటీ మీద అతని ఊరూ పేరూ రాయాలని నా కోరిక.