పొట్టి కాళ్ల విమానం: బోయింగ్ 737 కథ

మనలో చాలామంది జీవితంలో మొదటిసారి ఎక్కిన విమానం బోయింగ్ 737 అయ్యుంటుంది. పేరు మాత్రం ఎవరూ అడిగి ఉండరు. టికెట్ కొనేటప్పుడు మనం చూసేది రేటు, లగేజీ ఎన్ని కిలోలు అన్నది, అంతే కదా. 2005లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ గల్ఫ్‌కు తిరగడం మొదలుపెట్టింది 737-800లతోనే. 2009లో ఫ్లైదుబాయ్ కూడా అదే మోడల్ తీసుకుంది. ఇక్కడ చాండ్లర్ పక్కన ఫీనిక్స్‌లో దిగే సౌత్‌వెస్ట్ విమానాలన్నీ 737లే. పైన పోతుంటే గుర్తుపట్టడం సులువు. వెనక చక్రాలకు మూత తలుపులు ఉండవు, టైర్లు పొట్ట కింద నల్లగా కనిపిస్తాయి.

దీని కాళ్లు పొట్టి. అసలు కథంతా అక్కడే ఉంది.

1960లలో చిన్న ఊళ్ల ఎయిర్‌పోర్టుల్లో నిచ్చెన బండ్లు, లగేజీ ఎక్కించే మెషీన్లు సరిగా ఉండేవి కావు. నేల మీద నిలబడి మనిషి సామాను ఎక్కించగలిగేంత ఎత్తులో విమానం ఉండాలి. అందుకే బోయింగ్ దాన్ని కిందికి కట్టింది. 1965లో లుఫ్తాన్సా 21 ఆర్డర్ ఇచ్చింది, 1967 ఏప్రిల్ 9న మొదటిది ఎగిరింది. 737-100లు 30 మాత్రమే తయారయ్యాయి. సుమారు ఆరడుగులు సాగదీసిన 737-200 బాగా అమ్ముడుపోయింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపినవీ అవే. అప్పటి ఇంజన్లు సన్నగా, గొట్టాల్లాగా రెక్కకు అతుక్కుని ఉండేవి కాబట్టి ఇబ్బంది లేదు.

తర్వాత ఇంజన్లు లావెక్కాయి. ముందున్న ఫ్యాన్ ఎంత పెద్దదైతే ఆయిల్ అంత మిగులుతుంది, చప్పుడూ తగ్గుతుంది. కానీ రెక్క కింద జాగా ఏది? 1984లో ఎగిరిన 737-300కి ఒక ఉపాయం చేశారు. ఇంజన్ కింద ఉండే గేర్‌బాక్స్ సామానంతా పక్కకు జరిపి, కవరు అడుగుభాగం చదునుగా చేశారు. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజన్ గుండ్రంగా ఉండదు, అడుగున నొక్కినట్టు ఉంటుంది. ఇది మంచి పనితనమే, నాకు వంక కనిపించదు.

1987లో ఎయిర్‌బస్ ఏ320 ఎగిరాక పోటీ మొదలైంది. 1997లో 737 కొత్త రెక్కతో, కొత్త కాక్‌పిట్‌తో మళ్లీ వచ్చింది. 700, 800 ఆ తరానివే.

2010 డిసెంబర్‌లో ఎయిర్‌బస్ తన ఏ320కి కొత్త ఇంజన్లు ప్రకటించింది. దాని కాళ్లు పొడుగు, ఎంత లావు ఇంజనైనా పడుతుంది. బోయింగ్ పూర్తిగా కొత్త విమానం కడదామనుకుంటుండగా, 2011లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ వైపు మొగ్గింది. దాంతో పాత 737నే మళ్లీ సాగదీశారు. అదే మ్యాక్స్. రెండంతస్తులకు వేసిన పునాది మీద ఐదో స్లాబ్ పోసినట్టు. 1967 నాటి సర్టిఫికెట్‌నే సవరించుకుంటూ వచ్చారు.

69 అంగుళాల ఫ్యాన్ పట్టడానికి ఇంజన్‌ను ముందుకు, పైకి జరిపారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో ముక్కు పైకి లేచే గుణం వచ్చింది. దాన్ని కిందికి తొయ్యడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది ఒకే ఒక్క సెన్సర్ మాట వినేది. దాని సంగతి పైలట్లకు ఇచ్చిన మాన్యువల్లో వివరించలేదు. కొత్త సిమ్యులేటర్ ట్రైనింగ్ అవసరమైతే విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని సౌత్‌వెస్ట్‌తో ఒప్పందం కూడా ఉంది. 2018 అక్టోబర్ 29న ఇండోనేసియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండు మ్యాక్స్‌లు కూలిపోయాయి. మొత్తం 346 మంది చనిపోయారు. మొదటిదాని తర్వాతైనా ఆపి ఉంటే రెండోది జరిగేది కాదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అప్పుడు ప్రపంచమంతా ఆపేశారు. రెండు సెన్సర్లను పోల్చి చూసేలా మార్చి, సిమ్యులేటర్ ట్రైనింగ్ తప్పనిసరి చేశాక, అమెరికాలో 2020 నవంబర్‌లో, ఇండియాలో 2021 ఆగస్టులో మళ్లీ ఎగరనిచ్చారు. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్ 9కి గాల్లో డోర్ ప్లగ్ ఊడిపోయింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. నాలుగు బోల్టులు బిగించలేదని దర్యాప్తులో తేలింది. ఫ్యాక్టరీలో దాన్ని విప్పినట్టు కాగితం మీద రాతే లేదు. సైట్‌లో పనిచేసేవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఇంకో మాట. మన హైదరాబాద్ ఆదిబట్లలో 2018లో మొదలైన టాటా బోయింగ్ ప్లాంట్ అపాచీ హెలికాప్టర్ బాడీలు కడుతుంది. అవి మాకు పక్కనే ఉన్న మెసాకు వస్తాయి. 737 తోక మీద నిలువుగా ఉండే రెక్కను కూడా అక్కడే కట్టిస్తామని 2021లో ప్రకటించారు. ఇప్పుడు ఆదిబట్ల కుర్రాళ్లు బిగించే ఆ తోకలు 737ల మీదకే ఎక్కుతున్నాయి.